టకటక ఎక్కడిది? – ఐ10 ముందు సస్పెన్షన్ ఇంటి దగ్గరే మార్చిన డైరీ

కారు: హ్యుందాయ్ ఐ10, 2010 మోడల్, 1.2 పెట్రోల్. మీటరు మీద 1,12,640 కిలోమీటర్లు. మొదటి ఏడేళ్లు చెన్నైలో మా చిన్నాన్న దగ్గర తిరిగింది, తర్వాత తిరుపతికి వచ్చింది. చెన్నై సంగతి ఎందుకు చెప్పానో నాలుగో దశలో తెలుస్తుంది.

చోటు: ఎమ్మార్‌పల్లిలో మా ఇంటి ముందున్న సిమెంటు గచ్చు. గేటు వైపు కొంచెం వాలు. పని సాయంత్రాలూ ఆదివారాలూ మాత్రమే. సాయానికి మా తమ్ముడు.

సమస్య: స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు ఎడమ వైపు ‘టక్’ మని కొడుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ తీస్తే ‘టంగ్’ మని ఇంకో శబ్దం. మా ఇంటి నుంచి తిరుచానూరు వైపు పోయే దారిలో తొమ్మిది స్పీడ్ బ్రేకర్లు గుర్తు పెట్టుకున్నాను. ప్రతి దశ అయ్యాక అదే దారిలో, సెకండ్ గేర్‌లో, అద్దాలు దించుకుని పోయి ఎన్నింటి మీద శబ్దం వచ్చిందో రాసుకున్నాను. మొదటి రోజు లెక్క 9కి 9.

ఇదే పని చేయబోయేవాళ్లు ఈ డైరీలో పార్టుల పేర్ల కన్నా నేను తప్పిన చోట్లు చూడండి. డబ్బూ టైమూ పోయింది అక్కడే.

దశ 1: లింక్ రాడ్లు (ఫిబ్రవరి 4)

స్పీడ్ బ్రేకర్ మీద శబ్దం అనగానే ముగ్గురిలో ఇద్దరు లింక్ రాడ్ (ముందు సస్పెన్షన్‌లో ఉండే ఒక చిన్న కలుపు కడ్డీ) అంటారు. నేనూ అదే అనుకున్నాను. జత 960 రూపాయలు. తుప్పు వదిలించే స్ప్రే 280.

లింక్ రాడ్ నట్టు విప్పడం పాన పట్టుకుని తిప్పితే అయ్యేది కాదు. నట్టుతో పాటు లోపలి బంతి కూడా తిరిగిపోతుంది. బోల్టు చివర ఉండే పలకల రంధ్రంలో అలెన్ కీ పెట్టి కదలకుండా పట్టుకుని, రింగ్ పానాతో నట్టు తిప్పాలి. ఆ రంధ్రంలో మట్టి గట్టిపడి ఉంటే ముందు గుండుసూదితో గీకి శుభ్రం చేయండి. ఎడమ వైపు నేను శుభ్రం చేయకుండా కీ పెట్టాను, పలకలు అరిగిపోయాయి. చివరికి నట్టు రంపంతో కోయాల్సి వచ్చింది.

పాత రాడ్లు చేత్తో ఊపితే రెండూ వదులుగానే ఉన్నాయి. కాబట్టి మార్చడం వృథా కాలేదు. కానీ దారి మీద లెక్క మళ్ళీ 9కి 9.

ఇంటికొచ్చి కూర్చుని ఆలోచిస్తే విషయం అర్థమైంది. లింక్ రాడ్ స్టెబిలైజర్ బార్‌కి (ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ను కలిపే అడ్డ కడ్డీకి) తగులుకుని ఉంటుంది. ఆ బార్‌కి పని పడేది ఒక చక్రం పైకీ ఇంకోటి కిందకీ పోయినప్పుడు. రోడ్డంతా అడ్డంగా ఉండే స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కి ఒకేసారి దిగుతాయి. బార్ మెలి తిరగదు, లింక్ రాడ్ మీద పెద్దగా బలం పడదు. ఒక్క చక్రం గుంతలో పడినప్పుడు వచ్చే చిన్న టకటక తగ్గింది, అది లింక్ రాడ్ల వాటా. స్పీడ్ బ్రేకర్ మీద కొట్టేది వేరే ఏదో. ఈ ఒక్క ఆలోచన పార్టు కొనకముందే చేయాల్సింది.

ఖర్చు ఇప్పటిదాకా: 1,240 రూపాయలు. టైమ్: 2 గంటల 30 నిమిషాలు.

దశ 2: ఈసారి కొలిచి వెతకడం (ఫిబ్రవరి 11)

లేత్ షాపులో పనిచేసే స్నేహితుడి దగ్గర అయస్కాంతం పీట ఉన్న డయల్ గేజ్ (సన్నని కదలికను కొలిచే ముల్లు మీటరు) అడిగి తెచ్చుకున్నాను. కారు ముందు భాగం పైకెత్తి, స్టాండ్ల మీద కూర్చోబెట్టి, వరసగా ఇలా చూశాను.

1. చక్రాన్ని పైనా కిందా (గడియారంలో 12, 6 ఉండే చోట్ల) పట్టుకుని ఊపడం. ఎడమ వైపు ఆట (వదులు కదలిక) ఉంది. తమ్ముడిని బ్రేక్ తొక్కమని మళ్ళీ ఊపాను. ఆట అలాగే ఉంది. బ్రేక్ తొక్కగానే ఆట పోతే చక్రం బేరింగ్‌ని అనుమానించాలి. పోలేదు కాబట్టి బాల్ జాయింట్ (చక్రాన్ని కింది నుంచి పట్టుకునే బంతి కీలు) వైపు చూడాలి.

2. చక్రాన్ని పక్కలకు (9, 3 దగ్గర) పట్టుకుని ఊపడం. ఇది టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ చివరి కీలు) పరీక్ష. రెండు వైపులా బాగానే ఉన్నాయి.

3. లోయర్ ఆర్మ్‌కీ (చక్రాన్ని కింద నుంచి కారుకు కలిపే చెయ్యి) నకిల్‌కీ (చక్రం బిగించి ఉండే ఇనప ముక్క) మధ్య గునపం పెట్టి ఎత్తుతూ డయల్ గేజ్ చూడడం. బాల్ జాయింట్ నిలువు ఆట ఎడమ 1.4 మిల్లీమీటర్లు, కుడి 0.6.

4. లోయర్ ఆర్మ్ వెనక బుష్ (ఆర్మ్ కారుకు తగులుకునే చోటి రబ్బరు కీలు). పైకి చూస్తే చిన్న పగులే. సైకిల్ పుల్ల ఒకటి సాగదీసి ఆ పగులులోకి దూరిస్తే 9 మిల్లీమీటర్లు లోపలికి పోయింది. రబ్బరు దాదాపు తెగిపోయినట్టే.

5. కారు నేల మీద ఉండగా, స్టీరింగ్ మెల్లగా తిప్పమని చెప్పి, స్ప్రింగ్ మీద అరచెయ్యి పెట్టడం. స్టీరింగ్ తిరిగినంత సేపూ స్ప్రింగ్ సాఫీగా తిరగాలి. ఎడమది కాసేపు బిగుసుకుని నిలబడి, ఒక్కసారిగా ‘టంగ్’ మని దూకింది. అరచేతికి కరెంటు కొట్టినట్టు తెలిసింది. స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ కలిసి ఉండే నిలువు భాగం) పైన మౌంట్ బేరింగ్ (స్టీరింగ్‌తో పాటు స్ట్రట్ తిరగడానికి ఉండేది) పట్టేసింది.

అంటే శబ్దాలు రెండు, కారణాలు కూడా రెండు. స్పీడ్ బ్రేకర్ ‘టక్’ ఎక్కువగా లోయర్ ఆర్మ్‌ది. రివర్స్ ‘టంగ్’ మౌంట్ బేరింగ్‌ది. ముందు ఆర్మ్‌లు, తర్వాత స్ట్రట్‌లు అని నిర్ణయించాను. రెండూ ఒకేసారి చేస్తే విప్పే శ్రమ కొంత మిగిలేది. కానీ ఏది మారిస్తే ఏది పోయిందో నాకు తెలియాలి.

ఏదీ విప్పకముందే ఇంకో కొలత రాసుకున్నాను. కారు నేల మీద ఉండగా చక్రం నడిబొడ్డు నుంచి ఫెండర్ అంచు దాకా ఎత్తు: ఎడమ 352 మిల్లీమీటర్లు, కుడి 350. ఈ రెండు అంకెలే తర్వాత నన్ను కాపాడాయి.

టైమ్: మొత్తం 5 గంటల 30 నిమిషాలు.

దశ 3: పనిముట్లు (ఫిబ్రవరి 13)

జాకీ స్టాండ్ల జత 2,200, టార్క్ రెంచ్ (పెట్టిన బిగుతు రాగానే ‘క్లిక్’ మనే పానా) 2,750, పొడవాటి బ్రేకర్ బార్ 650. సూట్‌కేసులు తూచే కొక్కెం కాటా 250. (మొన్నటి ఆదివారం వాడిన స్టాండ్లు అడిగి తెచ్చుకున్నవి. ఇంత పనికి సొంతవి ఉండాలనిపించింది.)

కాటా ఎందుకంటే, టార్క్ రెంచ్ కొత్తదైనంత మాత్రాన నమ్మలేం. ఈ కారు చక్రాల నట్లకు చెప్పిన బిగుతు 9 నుంచి 11 కేజీ-మీటర్లు, అంటే 88 నుంచి 107 న్యూటన్ మీటర్లు. రెంచ్‌ని 98 న్యూటన్ మీటర్ల దగ్గర పెట్టి, దాని చదరపు ముక్కును బెంచ్ వైస్‌లో బిగించాను. పిడి మీద చెయ్యి పెట్టే గీత వైస్ నుంచి సరిగ్గా 40 సెంటీమీటర్లు ఉంది. ఆ గీత దగ్గర కాటా కొక్కెం తగిలించి, లంబంగా లాగుతూ ‘క్లిక్’ అనే చోట కాటా చదివాను. లెక్క ప్రకారం 25 కేజీలు రావాలి. మూడు సార్లూ 24.3, 24.6, 24.4 వచ్చింది. రెండు మూడు శాతం తక్కువ. ఈ పనికి చాలు.

మిగతా బోల్టుల బిగుతు అంకెలు ఇక్కడ కావాలనే రాయడం లేదు. మోడల్‌కీ ఏడాదికీ మారతాయి. మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో చూసి ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి. చేతులకు గ్రీజు ఉన్నప్పుడు ఫోన్ తెరిచి వెతకలేరు.

ఖర్చు ఇప్పటిదాకా: 7,090. టైమ్: 6 గంటలు.

దశ 4: ఎడమ లోయర్ ఆర్మ్ (ఫిబ్రవరి 18 నుంచి 22)

ఆర్మ్‌ల జత 4,300. బాల్ జాయింట్, బుష్‌లు వాటిలోనే వస్తాయి. బుష్‌లు విడిగా కొని పాత ఆర్మ్‌లోకి ప్రెస్ చేయించవచ్చు, కానీ బాల్ జాయింట్ కూడా పోయింది కాబట్టి మొత్తం మార్చడమే మేలు. రథసప్తమి రద్దీ తగ్గేదాకా బజారు వైపు పోలేకపోయాను, 17న తెచ్చుకున్నాను.

విప్పే వరస:

1. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు. చక్రం నట్లు నేల మీదే కొంచెం వదులు చేయాలి.
2. జాకీతో ఎత్తి స్టాండ్ మీద దించాలి. విప్పిన చక్రాన్ని కారు పక్క అంచు కింద పడుకోబెట్టాలి. స్టాండ్ జారినా కారు చక్రం మీద ఆగుతుంది, మన మీద పడదు.
3. బాల్ జాయింట్ పించ్ బోల్టు. వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి తీయాలి. బాల్ జాయింట్ కాడకు గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలోంచి పోతుంది. బోల్టు ఉన్నంత వరకూ కాడ దిగదు.
4. నకిల్‌ని తాడుతో స్ట్రట్‌కి కట్టాలి. కట్టకపోతే బయటికి వాలి డ్రైవ్ షాఫ్ట్‌ను (చక్రాన్ని తిప్పే ఇరుసును) లాగేస్తుంది, లోపలి జాయింట్ ఊడే ప్రమాదం ఉంది.
5. ముందు బుష్ బోల్టు, వెనక బుష్ బోల్టు.

నాలుగో అడుగు దాకా 40 నిమిషాల్లో అయిపోయింది. ముందు బుష్ బోల్టు పది నిమిషాలు. వెనక బుష్ బోల్టు దగ్గర ఆగిపోయాను.

నట్టు వచ్చేసింది. బోల్టు తల తిరుగుతోంది. కానీ ఎంత తిప్పినా బయటికి రాదు. వెనక నుంచి టార్చ్ వేసి చూస్తే బోల్టుతో పాటు బుష్ లోపలి ఇనప గొట్టం కూడా కలిసి తిరుగుతోంది. చెన్నైలో ఏడేళ్ల ఉప్పుగాలికి బోల్టూ గొట్టమూ తుప్పుతో ఒకే ముక్క అయిపోయాయి. పూర్తిగా తిరుపతిలోనే తిరిగిన మా మామయ్య కారులో ఇదే బోల్టు తర్వాత చూశాను, పొడి మట్టి తప్ప తుప్పు లేదు.

రెండు రాత్రులు స్ప్రే కొట్టి వదిలేశాను. మధ్యలో తుప్పు ఉన్న చోటికి నూనె చేరే దారి లేదు, రబ్బరు అడ్డం. సుత్తితో కొడితే బోల్టు మొన చితికింది తప్ప కదలలేదు. గ్యాస్ మంట పెడదామని తమ్ముడన్నాడు. వద్దన్నాను. పక్కనే పెట్రోల్ పైపు పోతుంది, రబ్బరు అంటుకుంటుంది. ఇంటి దగ్గర ఆ పని ఎవరూ చేయకండి.

చివరికి కోయడమే. బుష్ గొట్టం అంచుకీ బ్రాకెట్ గోడకీ మధ్య గునపంతో తోస్తే ఒక్కో వైపు రెండు మిల్లీమీటర్ల సందు దొరికింది. రంపం ఫ్రేమ్ పట్టదు. బ్లేడును ఊరికే పట్టుకుని, ఒక చివర గుడ్డ చుట్టి, వెల్లకిలా పడుకుని కోశాను. మొదటి కోత 50 నిమిషాలు, రెండో కోత గంటా 10 నిమిషాలు. నాలుగు బ్లేడ్లు, 160 రూపాయలు. కళ్ళద్దాలు లేకుండా ఈ పని చేయొద్దు. ఇనప పొడి నేరుగా మొహం మీదికే రాలుతుంది.

ఇప్పుడు కొత్త బోల్టు కావాలి. హార్డ్‌వేర్ కొట్లో అదే లావు, అదే పొడవు బోల్టు దొరికింది, తల మీద ఏ గుర్తూ లేదు. తీసుకోలేదు. ఇలాంటి చోట వాడే బోల్టుల తల మీద 8.8 లేదా 10.9 లాంటి తరగతి గుర్తు ఉంటుంది. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడు దాకా తట్టుకునే ఉక్కు. గుర్తు లేనిది ఎంత తట్టుకుంటుందో అమ్మేవాడికీ తెలియదు. చక్రాన్ని పట్టుకుని ఉండేది ఆ బోల్టే. కంపెనీ బోల్టులు రెండు ఆర్డర్ ఇచ్చాను, కుడి వైపుకు కూడా కలిపి 190 రూపాయలు. మూడు రోజులు కారు స్టాండ్ మీదే ఉండిపోయింది. మీరు ఆర్మ్ కొనేటప్పుడే ఈ బోల్టులు కూడా కొనిపెట్టుకోండి. వాడకపోయినా పోయేది రెండు వందలే.

కొత్త బోల్టు నున్నటి భాగానికి పల్చగా గ్రీజు పూశాను. మరకు పూయలేదు. మరకు నూనె తగిలితే టార్క్ రెంచ్ అదే అంకె చూపించినా బోల్టు అవసరానికి మించి బిగుస్తుంది.

బాల్ జాయింట్ కాడ నకిల్‌లోకి పూర్తిగా కూర్చోకపోతే పించ్ బోల్టు దూరదు. నాకు దూరలేదు. బలవంతంగా కొడితే మర పోతుంది. ఆర్మ్ కింద జాకీ పెట్టి రెండు మిల్లీమీటర్లు ఎత్తగానే బోల్టు వేళ్లతోనే దూరిపోయింది.

టైమ్: మొత్తం 12 గంటల 30 నిమిషాలు.

దశ 5: కుడి లోయర్ ఆర్మ్ (ఫిబ్రవరి 25)

అదే వరస. కుడి వైపు వెనక బోల్టు కూడా పట్టేసింది కానీ స్ప్రే ఆదివారం నుంచీ రోజూ కొడుతూ ఉన్నాను, బ్రేకర్ బార్‌తో ముందుకీ వెనక్కీ పావుచుట్టు చొప్పున ఆడిస్తే లొంగింది. 2 గంటలు.

దారి మీద లెక్క: 9కి 2.

ఖర్చు ఇప్పటిదాకా: 11,740. టైమ్: 14 గంటల 30 నిమిషాలు.

దశ 6: బుష్‌లు బిగించిన తప్పు (ఫిబ్రవరి 27, 28)

తొమ్మిదిలో రెండుకు వచ్చింది కదా అని నిశ్చింతగా ఉన్నాను. కానీ కారు నడక మారింది. చిన్న గుంతకు కూడా ముందు భాగం ఎగిరి పడుతోంది, ఉదయం మొదటిసారి తీసేటప్పుడు ‘కిర్’ మంటోంది. ఎత్తు కొలిచాను. ఎడమ 361, కుడి 360. పార్టులు మార్చిన తర్వాత కారు పది మిల్లీమీటర్లు పైకి లేచింది! స్ప్రింగ్ ముట్టుకోలేదు, మరి ఎట్లా లేచింది?

మా పక్కింటి పెద్దాయన ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. గేటు దగ్గర నిలబడి ఒకే మాట అడిగారు.

“చక్రాలు గాల్లో ఉండంగానే బుష్‌లు బిగించేసినావా నాయనా?”

“అవును మామా. స్టాండ్ మీదే బిగించినా.”

“అయితే మళ్ళా వదులు చెయ్. రబ్బరు మెలిపడిపోయి ఉంటాది. రెండు నెలల్లో కొత్త బుష్ కూడా చీలిపోతాది.”

విషయం ఇది. ఈ బుష్‌లో బయటి గొట్టం, లోపలి గొట్టం, మధ్యలో రెంటికీ అతుక్కున్న రబ్బరు ఉంటాయి. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బ్రాకెట్‌కి బిగుసుకుని కదలదు. ఆర్మ్ పైకీ కిందకీ ఆడినప్పుడు ఆ రబ్బరే మెలి తిరగాలి. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, రబ్బరు ఆ వేలాడే స్థితినే తన మామూలు స్థితి అనుకుంటుంది. కారు దించగానే ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, కారును పైకి నెడుతూ ఉంటుంది. ఆ 10 మిల్లీమీటర్లు అవే.

సరిచేసిన పద్ధతి:

1. కారు స్టాండ్ల మీద, చక్రం తీసేసి, రెండు బుష్ బోల్టులూ వదులు చేశాను. ఎడమ వెనకది వదలగానే ఆర్మ్ ‘డబ్’ మని తిరిగింది. రబ్బరు ఎంత మెలిపడి ఉందో ఆ శబ్దంతోనే తెలిసింది.
2. బాల్ జాయింట్ దగ్గర, ఆర్మ్ కింద చెక్క ముక్క వేసి జాకీ పెట్టి మెల్లగా ఎత్తాను.
3. చక్రం నడిబొడ్డు నుంచి ఫెండర్ దాకా కొలత ఎడమ 352, కుడి 350 వచ్చేదాకా ఎత్తాను. రెండో దశలో రాసుకున్న అంకెలు ఇందుకే పనికొచ్చాయి. ఆ స్థితిలో కారు బరువు స్టాండ్ మీద నుంచి దాదాపు జాకీ మీదికి వచ్చేస్తుంది. కారు కిందికి దూరకుండా, పక్క నుంచి చెయ్యి పెట్టి మాత్రమే పని చేయాలి.
4. అప్పుడు బోల్టులు టార్క్ రెంచ్‌తో చివరి బిగుతు.

దించి, రెండు వీధులు తిరిగి వచ్చి కొలిస్తే ఎడమ 353, కుడి 352. ఎగిరి పడడం పోయింది. ‘కిర్’ కూడా పోయింది.

పార్టులు మార్చి నెల తిరక్కముందే మళ్ళీ పోయాయని చాలామంది పార్టునే తిడతారు. అలాంటి వాటిలో కొన్ని ఇట్లా బిగించినవే అయి ఉంటాయని నా నమ్మకం.

ఖర్చు లేదు. టైమ్: మొత్తం 15 గంటల 45 నిమిషాలు.

దశ 7: స్ట్రట్‌లు, మౌంట్ బేరింగ్‌లు (మార్చి 10)

మిగిలిన రెండు స్పీడ్ బ్రేకర్లూ, రివర్స్ ‘టంగ్’. ఎడమ షాక్ మీద నూనె చెమ్మ కూడా ఉంది, దానికి మట్టి అంటుకుని గడ్డకట్టింది. బేరింగ్ మార్చాలంటే స్ట్రట్ ఎట్లాగూ దించాలి కాబట్టి షాక్‌లు కూడా కొన్నాను. షాక్‌ల జత 5,400, మౌంట్లు బేరింగులతో 1,960, బంప్ స్టాప్‌లు, దుమ్ము తొడుగులు 640.

స్ట్రట్ దించడం కష్టం కాదు. బ్రేక్ గొట్టం క్లిప్, లింక్ రాడ్, నకిల్‌కి పట్టే రెండు పెద్ద బోల్టులు, పైన బాడీకి పట్టే నట్లు. రెండు పెద్ద బోల్టుల చుట్టూ తెల్ల పెయింట్‌తో గీత పెట్టుకున్నాను, పాత చోటికి దగ్గరగా బిగించడానికి. షాక్ రాడ్డు మీది నడి నట్టు మాత్రం స్ప్రింగ్ నొక్కి పట్టకుండా ముట్టుకోకూడదు. కారు బరువు మోసే స్ప్రింగ్ అది. వదిలితే మనిషిని చంపగలదు.

ఆ స్ప్రింగ్ నొక్కడం నేను ఇంట్లోనే చేయాలని చూశాను. కొక్కేలు ఉన్న రెండు కడ్డీల కంప్రెసర్ ఒకటి అడిగి తెచ్చాను. ఎదురెదురుగా తగిలించి, అటు రెండు చుట్లు, ఇటు రెండు చుట్లు బిగిస్తూ పోయాను. స్ప్రింగ్ సగం నొక్కుకున్నాక ఒక కొక్కెం తీగ మీద వేలెడు జారింది. ‘చట్’ మన్న ఆ శబ్దానికి ఇద్దరం వెనక్కి దూకాం. కొక్కెం ఊడలేదు. నెమ్మదిగా రెండు వైపులా వదులు చేసి, కంప్రెసర్ తీసి పక్కన పెట్టేశాను. మళ్ళీ ముట్టుకోలేదు.

రెండు స్ట్రట్‌లూ, కొత్త సామానూ ఆటోలో వేసుకుని రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డుకు పోయాను. వాళ్ల దగ్గర నేలకు బిగించిన పెద్ద కంప్రెసర్ ఉంది. అరగంటలో రెండూ మార్చి ఇచ్చారు. 400 రూపాయలు, ఆటోకు రానూ పోనూ 160. ఈ డైరీ మొత్తంలో అన్నిటికన్నా మంచి ఖర్చు ఆ 400. ఇంటి పనిలో ఈ ఒక్క ముక్క బయట చేయించుకోండి.

షెడ్డులో గమనించినవి:

- పాత ఎడమ బేరింగ్ విప్పితే లోపల గ్రీజు లేదు, ఎర్రమట్టి ఉంది. నీళ్లు దిగి, మట్టి చేరి, ఎండి ఇటుక ముక్కలా అయింది. వేలితో తిప్పితే గరగరమంటూ ఒక చోట ఆగిపోతోంది.
- పాత ఎడమ షాక్ రాడ్డు నిలువుగా పెట్టి నొక్కితే మొదటి 30 మిల్లీమీటర్లు ఏ అడ్డూ లేకుండా దిగిపోయింది. కుడిది మొదటి నుంచీ బరువుగానే ఉంది.
- కొత్త షాక్‌లు బిగించే ముందు నిలబెట్టి ఐదారుసార్లు పూర్తిగా నొక్కి లాగాలి. పడుకోబెట్టి ఉంచిన షాక్‌లో గాలి చేరి ఉంటుంది, అది పైకి పోవాలి.
- స్ప్రింగ్ కింది మొన పళ్లెంలో ఉండే మెట్టు దగ్గరికి రావాలి. ఒకదానికి రాలేదు, నేను చూపిస్తే మళ్ళీ నొక్కి తిప్పారు. పక్కనే నిలబడి చూడండి.

ఇంటికొచ్చి ఎక్కించడం గంటన్నర. స్టీరింగ్ తిప్పమని స్ప్రింగ్ మీద చెయ్యి పెట్టాను. సాఫీగా, మెత్తగా తిరిగింది.

దారి మీద లెక్క: 9కి 0. రివర్స్ ‘టంగ్’ లేదు.

ఖర్చు ఇప్పటిదాకా: 20,300. టైమ్: 21 గంటల 15 నిమిషాలు.

దశ 8: దారంతో టో, తర్వాత అలైన్‌మెంట్ (మార్చి 11, 12)

స్ట్రట్ మార్చాక అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) తప్పనిసరి. కానీ షాపు దాకా నడపడానికైనా టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండడం) కొంత సరిచేయాలి. ఇంటి ముందు నడిపితేనే టైర్లు గచ్చు మీద ‘స్‌స్’ మని రాసుకుంటున్నాయి.

టైరు నడిమీద సుద్దతో గీత గీసి, రెండు టైర్ల గీతల మధ్య దూరం ముందు వైపూ వెనక వైపూ ఇరుసు ఎత్తులో దారం పట్టి టేపుతో కొలిచాను. ముందు 1,397 మిల్లీమీటర్లు, వెనక 1,406. తొమ్మిది మిల్లీమీటర్లు లోపలికి తిరిగి ఉన్నాయి. టై రాడ్‌లు రెండు వైపులా అర చుట్టు చొప్పున తిప్పి, కారు ముందుకూ వెనక్కూ దొర్లించి మళ్ళీ కొలిస్తే 1,400, 1,402. దొర్లించకుండా కొలిస్తే అంకె తప్పు వస్తుంది. టైరు నేలకు అంటుకుపోయి కొత్త స్థితికి రాదు.

మరునాడు షాపులో కంప్యూటర్ అలైన్‌మెంట్, 600 రూపాయలు. టో కొద్దిగా సవరించారు, స్టీరింగ్ కుడికి వాలి ఉంటే నిటారు చేశారు. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు) ఎడమ మైనస్ 0.4 డిగ్రీ, కుడి మైనస్ 0.6. చాలు.

ఖర్చు: 20,900. అందులో కారులో మిగిలిన పార్టులు 13,450, తక్కినవి పనిముట్లూ కూలీ. టైమ్: 23 గంటల 15 నిమిషాలు.

దశ 9: కొండకు (మార్చి 17), 1,000 కిలోమీటర్ల తర్వాత (ఏప్రిల్ 14)

తిరుపతిలో సస్పెన్షన్‌ను పరీక్షించడానికి కొండ కన్నా మంచి చోటు లేదు. బయల్దేరే ముందు అన్ని నట్లూ ఒకసారి రెంచ్‌తో చూసుకున్నాను. ఎక్కడానికి 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు, దిగడానికి 1944 నాటి పాత రోడ్డు. అసలు పరీక్ష దిగేటప్పుడే. బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది, బ్రేక్ తొక్కుతూనే మలుపు తిప్పాలి. పాత ఆర్మ్‌లతో దిగేటప్పుడు బ్రేక్ వేస్తే స్టీరింగ్ ఎడమకు గుంజేది. నేనది బ్రేక్ ప్యాడ్లదని అనుకున్నాను. ఈసారి గుంజలేదు. చీలిన బుష్ వల్ల బ్రేక్ పడినప్పుడల్లా ఎడమ చక్రం వెనక్కి జరిగేదన్నమాట.

అలిపిరి దిగి కపిలతీర్థం దగ్గర ఆపి నాలుగు చక్రాలు ముట్టుకుని చూశాను. ఏదీ అతిగా వేడెక్కలేదు.

ఏప్రిల్ 14న మీటరు 1,13,702. అన్ని బోల్టులూ మళ్ళీ తనిఖీ చేశాను. కుడి లింక్ రాడ్ కింది నట్టు ఒక్కటే కొంచెం తిరిగింది, మిగతావి కదల్లేదు. డయల్ గేజ్ మళ్ళీ తెచ్చి పెట్టాను. బాల్ జాయింట్ ఆట రెండు వైపులా సున్నా. ఎత్తు ఎడమ 351, కుడి 351.

కుడి టై రాడ్ ఎండ్ రబ్బరు తొడుగు మీద నాలుగు మిల్లీమీటర్ల సన్నని పగులు కనిపించింది. ఆట ఇంకా రాలేదు. లాక్ నట్టు దగ్గర తెల్ల పెయింట్ గీత పెట్టి, బయట కనిపించే మర పొడవు 23 మిల్లీమీటర్లని రాసుకున్నాను. వానలు మొదలయ్యేలోపు అది మార్చాలి.